డాక్టరమ్మను అడగండి: ఈఎస్‌ఆర్ ఎక్కువుందట, ఏం చేయాలి?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి సగం రిపోర్టు కాగితాలే బయటపడ్డాయి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షల అంకెలు, పక్కన ఎర్ర సిరాతో గుండ్రటి సున్నా, కింద ఒకటే మాట: "రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు." అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబిస్తున్నాను. ముందుగా ఒక సంగతి. నేను నాడి పట్టుకుని మందు రాసే డాక్టర్ని కాదు. ముప్పై ఏళ్లు సర్కారు ఆసుపత్రుల ల్యాబుల్లో కూర్చుని రిటైరైన పాథాలజిస్టుని. మీ రిపోర్టు అడుగున గీకినట్టు సంతకం చేసే రకం. ఆ అంకె గొట్టంలో ఎలా పుడుతుందో చెప్పగలను. మీ ఒంటిని చూసి చెప్పాల్సింది మాత్రం మీ డాక్టరే.

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 46 ఏళ్లు. బీడీలు చేస్తాను. మూడు నెలల నుంచి ఒకటే నీరసం, మెట్లెక్కితే ఆయాసం. మా ఊళ్లో చూపించుకుంటే రక్తపరీక్ష చేయించారు, ఈఎస్‌ఆర్ 52 వచ్చింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉందని మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడించారు. మళ్లీ చేయిస్తే 49. ఇప్పుడు ఇంకా పెద్ద మందు, ఇంజెక్షన్లు వేయాలంటున్నారు. జ్వరం లేదు, దగ్గు లేదు. చేసిన కష్టమంతా మందుల షాపుకే పోతోంది. రిపోర్టులు జత చేశాను, చూసి చెప్పండి.
— ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, మీ కాగితం మీద ఎర్ర సిరా తప్పు చోట పడింది. ఈఎస్‌ఆర్ చుట్టూ సున్నా చుట్టారు. దానికి నాలుగు వరసల పైన హిమోగ్లోబిన్ 8.1 అని ఉంది. దాని చుట్టూ ఎవరూ ఏమీ చుట్టలేదు. మీ నీరసానికీ ఆయాసానికీ కారణం అక్కడే కూర్చుని ఉంది. ఈఎస్‌ఆర్ పెరగడానికీ అది చాలా వరకు కారణమై ఉండాలి.

ఎలాగో చెబుతాను. మాది కోనసీమ. వరదల రోజుల్లో కాలవ నీళ్లు బిందెతో తెస్తే ఎర్రగా, టీ రంగులో ఉండేవి. మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి ఆ నీళ్లలో కలిపేది. కలపకపోయినా మట్టి అడుక్కి చేరుతుంది గానీ తెల్లారేదాకా ఆగాలి. చిల్లగింజ పడితే నలుసులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, గబగబా దిగిపోతాయి. ఇంట్లో పటిక తిప్పేవాళ్లకూ ఇది తెలుసు. ఈఎస్‌ఆర్ పరీక్ష అచ్చం ఇదే. గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని సన్నటి గాజు గొట్టంలో 200 మిల్లీమీటర్ల ఎత్తున నింపి నిలబెడతాం. సరిగ్గా గంటకు ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో, పైన ఎన్ని మిల్లీమీటర్ల పసుప్పచ్చటి ద్రవం తేలిందో చూసి రాస్తాం. మీ 52 అంటే 52 మిల్లీమీటర్లు. అంతకు మించి అందులో రహస్యం లేదు.

మామూలుగా ఎర్రకణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి, నెమ్మదిగా దిగుతాయి. ఒంట్లో ఎక్కడైనా పోరు మొదలైతే, అది క్రిములతో కావచ్చు, దెబ్బతో కావచ్చు, ఒళ్లు తన మీద తానే తిరగబడ్డం కావచ్చు, కాలేయం ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. మన చిల్లగింజ అదే. అది రక్తంలో పెరిగితే ఎర్రకణాలు చిల్లర నాణేల్లా దొంతరలు కడతాయి, వేగంగా దిగుతాయి. ఆ పోరునే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. పుస్తకాల్లో వాపు అని రాస్తారు గానీ, ఆ మాట అంటే మీరు కాళ్లూ చేతులూ తడుముకుంటారని నేను వాడను.

మరి మీకు పోరు ఉందా? పోరు ఉంటే రక్తంలో పెరిగే ఇంకో ప్రొటీన్ సీఆర్‌పీ. అదే కాగితంలో అది లీటరుకు 2.8 మిల్లీగ్రాములు. అది మామూలే. తెల్లకణాలు 7,200, అవీ మామూలే. అంటే చిల్లగింజ పెద్దగా పడినట్టు లేదు. కానీ రక్తహీనతలో గొట్టంలో ఎర్రకణాల గుంపే పలచన. రద్దీ లేని సందులో మనం చరచరా నడిచినట్టు, అడ్డు తక్కువై అవి త్వరగా దిగిపోతాయి. అంకె పెరుగుతుంది. దీన్ని ఏ యాంటీబయాటిక్ తగ్గిస్తుంది చెప్పండి?

ఇంకో లెక్క కూడా ఉంది. వయసుతో ఈఎస్‌ఆర్ కొంచెం పెరుగుతుంది, ఆడవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. మగవాళ్లయితే వయసులో సగం, ఆడవాళ్లయితే వయసుకు పది కలిపి అందులో సగం, అంతవరకు ఫర్వాలేదని డాక్టర్లు నోటిలెక్కగా చెప్పుకుంటారు. మీకు అది 28. రిపోర్టులో అందరికీ కలిపి "20 లోపు" అని అచ్చేస్తారు కాబట్టి డెబ్బై ఏళ్ల ముసలమ్మకు 35 వచ్చినా ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

ఈ పరీక్షకు రోగం పేరు చెప్పే శక్తి మొదట్నుంచీ లేదు. 1918లో స్వీడన్‌లో ఫారేయస్ అనే ఆయన దీన్ని గర్భం వచ్చిందో లేదో తేల్చే పరీక్షగా వాడదామనుకున్నాడు. గర్భిణుల రక్తంలో కణాలు త్వరగా దిగడం చూశాడు మరి. తీరా చూస్తే రకరకాల జబ్బుల వాళ్లకూ అలాగే దిగుతోంది! 1921లో వెస్టర్‌గ్రెన్ అనే ఇంకో స్వీడన్ డాక్టరు క్షయ రోగుల్లో దీన్ని వాడి కొలత స్థిరపరిచాడు. మన గొట్టం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. గర్భానికీ క్షయకూ ఒకేలా పెరిగే అంకెను పట్టుకుని "ఇన్‌ఫెక్షన్" అని తేల్చేయడం ఎంతవరకు సబబో మీరే చూడండి.

నా కథ కూడా చెప్పాలి, లేకపోతే తప్పంతా బయటివాళ్లదే అన్నట్టు ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆసుపత్రి ల్యాబులో వారం రోజుల పాటు వచ్చిన వాళ్లందరికీ ఈఎస్‌ఆర్ ఎక్కువే. ముసలీ ముతకా, పిల్లా పీచూ, అందరికీ. ఊళ్లో ఏదో జ్వరం తిరుగుతోందనుకుని సంతకాలు పెట్టుకుంటూ పోయాను. చివరికి పట్టుకున్నది నేను కాదు, హెర్నియా ఆపరేషన్ ముందు రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒక తాపీమేస్త్రి. "అమ్మగారూ, మీ గొట్టాలు నిట్టనిలువుగా లేవండీ" అన్నాడు. నాకు నిలువుగానే కనిపించాయి. మర్నాడు సంచిలో రసమట్టం తెచ్చి బల్ల మీద పెట్టాడు. నీటి బుడగ ఒక మూలకు పరిగెత్తింది. బల్ల కాలి కింద చెక్క ముక్క ఎవరో ఊడ్చేటప్పుడు తీసేశారు! గొట్టం మూడు డిగ్రీలు వాలినా అంకె మూడో వంతు దాకా పెరగొచ్చు. కణాలు వాలిన గోడ వెంబడి జారిపోతాయి. ఆ వారం నేను సంతకం చేసిన కాగితాలతో ఎందరు మందులు మింగారో ఇప్పటికీ తలచుకుంటే మనసు అదోలా ఉంటుంది.

మీరు చేయాల్సింది ఇది. యాంటీబయాటిక్ ఆపే విషయం డాక్టరుకు చెప్పే చేయండి, కానీ "ఏ చోట ఇన్‌ఫెక్షన్ ఉందని ఇస్తున్నారు?" అని ఒక్క మాట అడగండి. మూత్రమా, ఊపిరితిత్తులా, పన్నా? చోటు చెప్పలేకపోతే నాలుగో కోర్సు దేనికి? తర్వాత ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. మీ ఎర్రకణాలు బాగా చిన్నవిగా ఉన్నాయి, ఇనుము కరువైనట్టే కనిపిస్తోంది. ఉత్తరంలో రాయలేదు గానీ, ఈ వయసులో నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమో చూసుకోండి. అలా అయితే ఆడవాళ్ల డాక్టర్ని కలవాలి. మొహమాటపడొద్దు. మలంలో రక్తం, నల్లటి మలం ఉంటే అదీ చెప్పండి. ఐరన్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. నిమ్మరసంతో వేసుకోండి, టీతో మాత్రం వద్దు. హిమోగ్లోబిన్ 11 దాటాక ఈఎస్‌ఆర్ మళ్లీ చూడండి. అప్పుడూ యాభై దగ్గరే నిలబడితే, లేదా ఈలోగా సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం కనిపిస్తే, అప్పుడు వెతకాల్సింది వేరే ఉంటుంది. క్షయ అనుమానం వస్తే ఈఎస్‌ఆర్‌తో తేలదు, కఫం పరీక్షతో తేలుతుంది. అది సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

ప్రశ్న: అమ్మా, నేను పోర్టులో చేసి రిటైరయ్యాను, వయసు 64. న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో ఉండి, నాలుగు రోజుల కిందటే ఇంటికి పంపారు. వచ్చేరోజు సీఆర్‌పీ 4.8. మూడు రోజుల తర్వాత మా వీధి చివర ల్యాబులో చేయిస్తే 21. నాలుగింతలు పైగా పెరిగింది. జ్వరం లేదు, అన్నం తింటున్నాను, కానీ రాత్రి నిద్ర లేదు. మళ్లీ అడ్మిట్ అవ్వాలా?
— విశాఖపట్నం

జవాబు: అయ్యా, ఈ రాత్రి హాయిగా పడుకోండి. పెరగలేదు. సగానికి పైగా తగ్గింది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చూడండి. ఆసుపత్రి వాళ్లు ఎంజీ/డీఎల్ అని వేశారు, అంటే డెసీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని. డెసీలీటరంటే లీటరులో పదో వంతు. వీధి చివర ల్యాబు ఎంజీ/ఎల్ అని వేసింది, అది లీటరుకు. ఆసుపత్రి 4.8ను లీటరు లెక్కలోకి మార్చితే 48. నలభై ఎనిమిది నుంచి ఇరవై ఒకటికి దిగారు మీరు. పావుకిలో ధర చూసి కిలో ధర అనుకున్నట్టయింది, అంతే.

ఈ పొరపాటు డాక్టర్లూ చేస్తారు. 2021 మేలో, కోవిడ్ రెండో అలలో, మా వీధిలో జనం క్రికెట్ స్కోరు అడిగినట్టు "సీఆర్‌పీ ఎంతొచ్చింది?" అని అడుక్కునేవాళ్లు. ఒకే ఇంట్లో అన్నకు 6, తమ్ముడికి 40 వచ్చాయని తమ్ముడి పెళ్లాం ఒకటే ఏడుపు. కాగితాలు తెప్పించి చూస్తే అన్నది డెసీలీటరు. నిజానికి జాగ్రత్తగా ఉండాల్సింది అన్నే!

సీఆర్‌పీ సంగతి రెండు మాటల్లో: 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని కనుక్కున్నది మీకొచ్చిన జబ్బు వల్లే. న్యుమోనియా క్రిమిలో "సి" అని పేరు పెట్టిన ఒక పదార్థం ఉంది. రోగుల రక్తంలోని ఏదో ప్రొటీన్ దానికి తగులుకుంటోంది. అందుకే సి-రియాక్టివ్ ప్రొటీన్. రోగం తగ్గాక అది మాయమయ్యేది. ఇదే దాని గొప్ప. పోరు మొదలైన ఆరేడు గంటల్లో పెరగడం మొదలెడుతుంది, రెండు రోజుల్లో పైకెక్కుతుంది, కారణం పోగానే దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ దిగుతుంది. ఈఎస్‌ఆర్ అలా కాదు. పెళ్లయిపోయి చుట్టాలంతా వెళ్లినా పందిరి ఇంకా విప్పని ఇల్లు లాంటిది. జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి మీరు ఈఎస్‌ఆర్ కూడా చేయించి ఇంకో రాత్రి నిద్ర పాడుచేసుకోకండి. డాక్టరు చెప్పిన రోజున ఛాతీ ఎక్స్‌రేకి వెళ్లండి, చాలు. ఇకపై ఒకే ల్యాబులో చేయించండి. జ్వరం తిరగబెట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం అంకె కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. మూడు వారాలుగా ఎడమ కణత దగ్గర నొప్పి. ఎప్పుడూ తలనొప్పి ఎరగని మనిషి. దువ్వెన పెట్టినా అబ్బా అంటుంది. అన్నం నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ లాగేస్తోందని ఆపేస్తుంది. మొన్న ఎడమ కంటికి తెర పడ్డట్టు ఒక నిమిషం చూపు మసకబారి మళ్లీ వచ్చింది. సైనస్ అన్నారు. ఈఎస్‌ఆర్ 96. కంటి డాక్టరు అపాయింట్‌మెంట్ పది రోజుల తర్వాత దొరికింది. ఈలోగా ఏమైనా వాడమంటారా?
— హనుమకొండ

జవాబు: ఈ ఉత్తరాన్ని నేను పత్రిక కోసం ఆపలేదు. చదవగానే ఫోన్ చేసి ఆ అమ్మాయితో, "పది రోజులు కాదు, పది గంటలు కూడా వద్దు, ఈ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు" అని చెప్పాను. ఆమె ఒప్పుకుంది కాబట్టి మిగతావాళ్ల కోసం ఇక్కడ వేస్తున్నాను.

పై రెండు జవాబులూ చదివి "ఈఎస్‌ఆర్‌ను పట్టించుకోనక్కర్లేదు" అని ఎవరైనా అనుకుంటే ఇది చదవండి. యాభై దాటిన మనిషికి కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక, పైగా ఈఎస్‌ఆర్ తొంభై ఆరు. ఈ నాలుగూ కలిస్తే టెంపోరల్ ఆర్టిరైటిస్ అనే జబ్బును అనుమానించాలి. కణత దగ్గర కొట్టుకునే రక్తనాళం గోడలో పోరు పుడుతుంది. గోడ మందమై దారి మూసుకుపోతుంది. అదే రకం నాళాలు కంటికీ రక్తం ఇస్తాయి. అవి మూసుకుపోతే చూపు పోతుంది, పోయింది మళ్లీ రాదు. రెండో కంటికీ రోజుల్లో రావచ్చు. అందుకే డాక్టర్లు అనుమానం గట్టిగా ఉంటే నాళం ముక్క తీసి చూసే బయాప్సీ కోసం కూడా ఆగరు, ముందు స్టెరాయిడ్ మొదలుపెట్టేస్తారు. మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో బయాప్సీ తీసినా జబ్బు ఆనవాళ్లు దొరుకుతాయి.

ఆవిడకు ఆ సాయంత్రమే మందు మొదలైంది. రెండు రోజుల్లో తలనొప్పి పోయిందట. చూపు నిలిచింది. నెల తర్వాత అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ జంతికలు నములుతోంది, డాక్టరమ్మా" అంది. ఆ మందు నెలల తరబడి, కొందరికి ఏడాదీ రెండేళ్లూ వాడాలి. షుగర్, ఎముకలు చూసుకుంటూ మెల్లగా తగ్గిస్తారు. సొంతంగా ఆపకూడదు.

ఒక్క మాట: ఈఎస్‌ఆర్ వంద చుట్టుపక్కలకు వెళ్తే ఊరికే వెళ్లదు. క్షయ, గట్టి ఇన్‌ఫెక్షన్, కీళ్లజబ్బులు, మైలోమా లాంటి రక్తపు కేన్సర్, ఏదో ఒకటి తేలేదాకా వదలొద్దు. ముప్ఫై అయిదుకు నిద్ర మానుకునే వాళ్లను చూశాను, తొంభై ఆరును సైనస్ అని మడిచి పర్సులో పెట్టుకున్న వాళ్లనూ చూశాను.

ప్రశ్న: ఈ పరీక్షలకు పరగడుపున వెళ్లాలా?
— కర్నూలు

జవాబు: అక్కర్లేదు. ఈఎస్‌ఆర్‌కూ సీఆర్‌పీకీ ఇడ్లీతో పేచీ లేదు. షుగరూ కొలెస్ట్రాలూ కలిపి రాసుంటే వాటి కోసం ఆగండి. ముందు రోజు మాత్రం పది కిలోమీటర్లు పరిగెత్తి రాకండి, గట్టి వ్యాయామానికి సీఆర్‌పీ కొద్దిగా పెరుగుతుంది.

ప్రశ్న: ఆంటీ, నేను డాలస్‌లో ఉంటాను. మా నాన్నగారికి 63, అమ్మా నాన్నా దుగ్గిరాల దగ్గర ఊళ్లో ఉంటారు. ఆన్‌లైన్‌లో హోల్ బాడీ చెకప్ ప్యాకేజీ బుక్ చేశాను. హెచ్‌ఎస్-సీఆర్‌పీ 4.6 అని, గుండెకు "హై రిస్క్" అని ఎర్రగా వచ్చింది. నాన్న బీపీ, కొలెస్ట్రాల్ బాగానే ఉన్నాయి, సిగరెట్ లేదు. అప్పటికి రెండు రోజులుగా పన్ను నొప్పని తర్వాత తెలిసింది. ఇన్‌ఫ్లమేషన్ తగ్గడానికి ఇక్కడి నుంచి పసుపు క్యాప్సూల్స్ పంపుతున్నాను. ఇంకేం చేయాలి?
— డాలస్, అమెరికా

జవాబు: బాబూ, దుగ్గిరాల పసుపు యార్డుకు కూతవేటు దూరంలో ఉన్న నాన్నకు డాలస్ నుంచి పసుపు మాత్రలా! మీ ఊరి వాళ్లు వింటే నవ్విపోతారు.

హెచ్‌ఎస్ అంటే అదే సీఆర్‌పీని బాగా చిన్న మోతాదుల్లో కూడా కొలవగల పద్ధతి, వేరే ప్రొటీన్ కాదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపైతే గుండెకు ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని 2003లో అమెరికా వైద్య సంస్థలే గీతలు గీశాయి. అయితే ఆ గీతలు ఒంట్లో ఏ గొడవా లేనప్పుడు కొలిచిన అంకెకే పనికొస్తాయి. చిగురు వాచి, దవడ సలుపుతున్న మనిషికి 4.6 రావడంలో వింతేముంది? చూసుకోవాల్సింది పన్ను. ఆ పని అయ్యాక, జలుబూ దగ్గూ కూడా లేకుండా రెండు మూడు వారాలు గడిచాక మళ్లీ చేయించు. ఆ తర్వాత ఇంకో రెండు వారాలకు మరోసారి. రెండింటి సగటు చూడాలి.

అప్పటికీ 3 పైన ఉంటే? గుండె డాక్టరు బీపీ, షుగరు, చెడ్డ కొలెస్ట్రాలు, కుటుంబ చరిత్రతో పాటు దీన్నీ ఒక మూల పెట్టుకుని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు అవసరమా అని ఆలోచిస్తారు. 2008లో వచ్చిన జూపిటర్ అనే పెద్ద అధ్యయనంలో కొలెస్ట్రాల్ మామూలుగానే ఉండి ఈ సీఆర్‌పీ 2 దాటిన వాళ్లకు స్టాటిన్ ఇస్తే గుండెపోట్లు తగ్గాయి. కానీ సీఆర్‌పీయే గుండెను పాడుచేస్తుందని కాదు. కాబట్టి అంకెను దించడం కోసం మాత్రలు వెతకడం అనవసరం. పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవాళ్లకు ఈ అంకె కాస్త ఎక్కువే ఉంటుంది. నాన్నకు బొజ్జ ఉందో లేదో నువ్వు వీడియో కాల్‌లో అడిగి లాభం లేదు, అమ్మను టేపు పెట్టి కొలవమను.

పసుపు కూరలో వేసుకున్నంత మంచిది. గాఢంగా తీసి, మిరియాల సారం కలిపి క్యాప్సూల్‌లో కూరిన పసుపు మాత్రం వేరే సంగతి. వాటితో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు మీ అమెరికాలోనే నమోదయ్యాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అసలే జోలికి పోకూడదు. పంపినవి పంపావు, నాన్నను వేసుకోవద్దను.

ప్రశ్న: మేడమ్, నాకు 29. చంటిపిల్ల తల్లిని. రెండు నెలలుగా పొద్దున్నే లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోతాయి, గంట గంటన్నర దాకా పాపకు జాకెట్ గుండీ కూడా పెట్టలేను. మా ఊరి ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేసి, చిన్న తెల్ల మాత్రలు పది రోజులకిచ్చారు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. మాత్రలు వాడుతున్నప్పుడే టౌనుకెళ్లి పరీక్షలు చేయిస్తే ఈఎస్‌ఆర్ 18, సీఆర్‌పీ 3, ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్. ఏమీ లేదన్నారు. మాత్రలు అయిపోయిన నాలుగో రోజుకి మళ్లీ మొదలు. అత్తగారు పని ఎగ్గొట్టడానికి వేషాలంటోంది.
— ప్రకాశం జిల్లా

జవాబు: తల్లీ, వేషాలు కావు. అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించు.

చేత్తో తీసేసినట్టు నొప్పి పోయిందన్నావే, ఆ ఇంజెక్షనూ మాత్రలూ స్టెరాయిడ్ అయి ఉండొచ్చు. మిగిలిన అట్ట ఉంటే పేరు చూడు. స్టెరాయిడ్ పోరును అణిచేస్తుంది. దాంతో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ దిగిపోతాయి. వాన వెలిశాక వాగు లోతు కొలిచినట్టు, నీ రక్తాన్ని సరిగ్గా ఆ పది రోజుల్లోనే తీశారు. పోనీ మందు లేకుండా తీసినా, కీళ్లవాతం మొదలయ్యే రోజుల్లో కొందరికి ఈ రెండు అంకెలూ మామూలుగానే ఉంటాయి. కీళ్లవాతం కోసం చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ కూడా కొందరికి ఎప్పటికీ నెగెటివే. జబ్బు లేని వాళ్లలో కొందరికి పాజిటివ్ వస్తుంది, అది ఇంకో తమాషా.

నీ విషయంలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఆ గుండీ. పొద్దున గంటకు పైగా బిగుసుకుపోవడం, రెండు చేతులకూ, చిన్న కీళ్లకు, ఆరు వారాలు దాటి, అదీ కాన్పయిన తర్వాతి నెలల్లో. కీళ్లవాతం బయటపడ్డానికి ఇది తెలిసిన సమయమే. కీళ్లజబ్బులు చూసే డాక్టరును, అంటే రుమటాలజిస్టును వెతుక్కో, ఒంగోలు, గుంటూరు ఏది దగ్గరైతే అది. యాంటీ సీసీపీ అనే పరీక్ష, చేతుల ఎక్స్‌రే చూస్తారు, వేళ్లు నొక్కి చూస్తారు. ఈ మధ్య చికున్‌గున్యా లాంటి జ్వరమేదైనా వచ్చి ఉంటే అదీ చెప్పు, దాని కీళ్ల నొప్పులు నెలల తరబడి ఇలాగే సతాయిస్తాయి. పాపకు పాలిస్తున్న సంగతి ముందే చెప్పు, మందు ఎంపిక దాన్ని బట్టి ఉంటుంది. మొదటి నెలల్లోనే సరైన మందు పడితే వేళ్లు వంకర్లు పోకుండా కాపాడుకోవచ్చు. అన్నట్టు, ఆ తెల్ల మాత్రలు ఇంకో పది రోజులకు కొనుక్కోకు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని, చేరి ఏడాదైంది. రద్దీగా ఉంటే మా ఓనరు గారు ఈఎస్‌ఆర్ అరగంటకే చూసి రెండుతో గుణించి రాసెయ్యమంటారు. ఒక్కోసారి ఊళ్ల నుంచి పొద్దున ఆరింటికి తీసిన శాంపిల్స్ మధ్యాహ్నం రెండింటికి పెట్టాల్సి వస్తోంది. ఇది తప్పా? ఉద్యోగం పోతుందేమోనని పేరు, ఊరు రాయడం లేదు.

జవాబు: పేరు రాయకపోయినా పర్లేదు నాన్నా, ఈ ప్రశ్న అడిగినందుకే నువ్వు మంచి టెక్నీషియన్‌వి.

తప్పే. కణాలు గంటంతా ఒకే వేగంతో దిగవు. మొదటి పది నిమిషాలు దొంతరలు కట్టుకోవడానికే పోతుంది, గీత పెద్దగా కదలదు. తర్వాత ఒక నలభై నిమిషాలు జోరుగా దిగుతాయి. ఆఖరి పది నిమిషాలు అడుగున ఒకదాని మీద ఒకటి సర్దుకుంటూ మళ్లీ నెమ్మదిస్తాయి. అరగంటకు గీత ఎక్కడుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. ఒకరికి రెండుతో గుణిస్తే తక్కువొస్తుంది, ఒకరికి ఎక్కువ. పొద్దున అన్నం ఉడికేటప్పుడు సగం టైముకు మూత తీసి, మెతుకు పట్టుకుని, రెండుతో గుణించి తినరు కదా. అరగంటలో చూసే మెషీన్లు ఉన్నాయి, నిజమే. కానీ వాటికి సొంత లెక్క, సొంత సరిచూపు ఉంటాయి, వేలి లెక్క కాదు.

శాంపిల్ సంగతి: బయట ఉంచిన రక్తానికి నాలుగు గంటల లోపే ఈఎస్‌ఆర్ పెట్టాలి. ఎనిమిది గంటలు సంచిలో తిరిగిన రక్తంలో కణాల ఆకారమే మారిపోతుంది, దొంతర కట్టవు, అంకె తగ్గిపోతుంది. తొంభై ఆరు రావాల్సిన చోట యాభై వచ్చిందనుకో. పైన హనుమకొండ ఉత్తరం ఇంకోసారి చదువు.

ఓనరు గారితో గొడవ పడమని నేను చెప్పను, నీ జీతం నాకు తెలియదు. ఆలస్యమైన శాంపిల్‌కు రిపోర్టులో "సేకరించిన సమయం" గడి నిజంగా నింపు. దాన్ని ఎవరూ వద్దనలేరు, చూసే డాక్టరుకు అర్థమవుతుంది. స్టాండు పక్కన ఒక వంటింటి టైమర్ పెట్టుకో, గంటకు మోగుతుంది. స్టాండును కిటికీ ఎండలోనూ, సెంట్రిఫ్యూజ్ అదిరే బల్ల మీదా పెట్టకు. ఎండాకాలం మన గదుల వేడికి కూడా అంకె పెరుగుతుంది, ఫ్యానో ఏసీయో ఉన్న గది చూసుకో.

ఇంకోటి, నీ జేబులోంచే ఖర్చు, ఏమనుకోకు. మేస్త్రీలు సామాన్లు కొనే ఏ ఇనుప కొట్టులోనైనా చిన్న రసమట్టం దొరుకుతుంది. పొద్దున తాళం తీయగానే ఒకసారి బల్ల మీద పెట్టి బుడగ ఎటు పోతుందో చూడు.